బెల్‌వ్యూలో ఆగని బస్సు

మే 1న మారిషస్‌లో మామూలు బస్సు కోసం కాచుకునేది నాలాంటి పరదేశి మాత్రమేనని గుడ్‌లాండ్స్ స్టాపులో గంటంబావు నిలబడ్డాక తెలిసింది. బస్సులకు కొరత లేదు. జెండాలు కట్టుకుని వరసగా పోతున్నాయి, అన్నీ మే డే సభలకు పార్టీలు మాట్లాడుకున్నవే. టాక్సీ అతను చెప్పిన రేటును మన రూపాయల్లోకి మార్చుకుని చూసి మళ్లీ స్టాపులోకే వచ్చి నిలబడ్డాను.

నేను వెళ్లాల్సింది బెల్‌వ్యూ హారెల్‌కు. 1943 సెప్టెంబరు 27న సమ్మె కట్టిన చెరకు కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపిన ఊరు. నలుగురు పోయారు. వారిలో అంజలై కూపెన్ గర్భిణి. అక్కడి స్టేడియానికి ఆమె పేరే పెట్టారు.

చివరికి ఒక పార్టీ బస్సు ఆగింది. కిటికీలోంచి ఒక ముసలాయన నా వాలకం చూసి "తెలుగు?" అన్నాడు. ఎక్కేశాను. ఆయన తెలుగు రామ భజనలతో సరి, మిగతాదంతా అక్కడి వాడుక భాష క్రియోల్ కలిసిన ఇంగ్లీషు. కూర్చోగానే చేతిలో బిర్యానీ పొట్లం పడింది. లారీల్లో సభలకు జనాన్ని తోలే మా జిల్లా గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. కార్మికుల పండగకు యూనియన్ బస్సు లేదా అని అడిగాను.

"మాకు పార్టీ ముందు పుట్టింది, సిందికా తర్వాత," అన్నాడు. సిందికా అంటే యూనియన్.

నిజమే. 1936లో డాక్టర్ మోరిస్ క్యూరే లేబర్ పార్టీ పెట్టేనాటికి యూనియన్లకు చట్టమే లేదు. 1937లో చెరకు తోటల్లో అల్లర్లు, కాల్పులు జరిగాక, అప్పటి పాలకులైన బ్రిటిష్ దొరలు 1938లో అనుమతించారు, అదీ 'పారిశ్రామిక సంఘాలు' అనే పేరుతో. ఆ ఏడే రేవు కూలీలు సమ్మె చేస్తే గవర్నర్ క్లిఫర్డ్ లేబర్ నాయకుడు ఇమాన్యుయేల్ ఆంకెతిల్‌ను రోడ్రిగ్స్ దీవికి పంపేశాడు. యూనియన్ పెట్టుకోండి, రాజకీయం మాత్రం వద్దన్నది దొరల బుద్ధి. ఓటే లేని కూలీకి అంతకంటే పెద్ద ఎగతాళి ఏముంటుంది?

స్టేడియం కనబడగానే ఆపమన్నాను. ముందు సీటులోని కార్యకర్త ఒప్పుకోలేదు. తలలు లెక్కపెట్టుకుని బయలుదేరాడట, ఒకటి తగ్గితే తనకు మాట వస్తుందట. నా తల కూడా ఎప్పుడు లెక్కలో పడిందో మరి! కోతకు ఇంకా నెల ఉన్న చెరకు తోటల్లో స్టేడియం వెనక్కి పోయింది. ముసలాయన అటే చూస్తూ, "మా నాన్న ఆ రోజు జ్వరంతో ఇంట్లో ఉన్నాడు," అన్నాడు.

రాజధాని పోర్ట్ లూయీ సభలో నాకు గుర్తున్నది ఎండ ఒక్కటే. అరగంటకే సగం మంది బస్సు దగ్గరికి వచ్చేశారు, సముద్రానికి పోదామని. తిరుగు దారిలో బెల్‌వ్యూ దాటేసరికి చీకటి పడింది, బస్సు ఆగలేదు.

"మీ దేశంలో సభకు వస్తే ఎంతిస్తారు?" అని అడిగాడు ముసలాయన. మా ఊరి లెక్క చెప్పాను. వేళ్ల మీద వాళ్ల రూపాయల్లోకి మార్చుకుని, "బిర్యానీ కాకుండానా?" అన్నాడు.