చెన్నైలో ఉంటూ తెలుగులో వ్యాసం రాయాలంటే

కథలు కాకుండా నిజాలు రాయాలనుకునే తెలుగువాళ్లు నేర్చుకోవడానికి హైదరాబాదే వెళ్లాలనుకుంటారు. చెన్నైలో ఉన్నవాళ్లకి ఆ అవసరం లేదు. 1914 నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా వచ్చింది ఈ ఊరి నుంచే. 1924లో భారతి సాహిత్య మాసపత్రిక, 1947 జులైలో చందమామ మొదలైందీ ఇక్కడే.

ముందు ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీకి వెళ్లండి. 1896 నాటిది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం చట్టప్రకారం ఒక కాపీ చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఇదొకటి. "మద్రాసు తెలుగువాళ్ల చరిత్ర" రాద్దామని వెళ్తే మాత్రం సాయంత్రానికి తలనొప్పే మిగులుతుంది. ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్లాలి.

ఇలాంటిది: పొట్టి శ్రీరాములుగారు ఎన్ని రోజులు నిరాహారదీక్ష చేశారు? కొన్నిచోట్ల 56 అని ఉంటుంది, కొన్నిచోట్ల 58 అని. దీక్ష మొదలైంది 1952 అక్టోబర్ 19న, ఆయన పోయింది డిసెంబర్ 15 రాత్రి. వేళ్ల మీద లెక్కేయండి. అక్టోబర్‌లో 13, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 15. మొదటి రోజూ చివరి రోజూ కలుపుకుంటే 58. మరి 56 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ రెండు నెలల పేపర్లు వరసగా తిరగేయాలి. తర్వాత మైలాపూరు వైపు రాయపేట హైరోడ్డులో ఆయన దీక్ష చేసిన ఇంటికి వెళ్లి చూడాలి. ఎనిమిది వందల మాటల వ్యాసానికి ఈ ఒక్క ప్రశ్న చాలు.

నోటుబుక్కులో ఎడమ పేజీ పేపర్లో ఉన్నది ఉన్నట్టు దించుకోవడానికి, కుడి పేజీ మీకు తోచింది రాసుకోవడానికి. పత్రిక పేరు, తారీఖు, పేజీ నంబరు అక్కడికక్కడే వేయాలి. రెండూ ఒకే పేజీలో కలిపేస్తే, నెల తర్వాత మీ ఊహే పత్రిక మాటలా కనిపిస్తుంది. కొత్తవాళ్ల వ్యాసాల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే.

పాత చిరునామాలతో ఇంకో చిక్కు. మౌంట్ రోడ్డు ఇప్పుడు అన్నాసాలై. గుమ్మాల మీద పాత నంబరు, కొత్త నంబరు అని రెండుంటాయి. రెండూ రాసుకోకపోతే పక్కింటి చరిత్ర రాసేస్తారు.

జార్జిటౌన్‌లో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు "ఏ సంవత్సరం అండీ?" అని అడక్కండి. "ఆంధ్ర విడిపోకముందా, తర్వాతా?" అనండి. గురుతు దానంతటదే వస్తుంది, అప్పుడు 1953కి ఇటో అటో తేల్చుకోవచ్చు. వాళ్ల తెలుగులో అరవం కలుస్తుంది. దయచేసి దాన్ని దిద్దకండి, ఆ మాటల్లోనే ఈ ఊరుంది. అరగంట రికార్డింగు కాగితం మీద పెట్టడానికి మూడు గంటలైనా పడుతుంది, అదే రోజు కూర్చోండి.

ముప్పై ఏళ్లలోపు వాళ్లు యువ రచయితల కోసం నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే పీఎం యువ పథకం ప్రకటనలు గమనిస్తూ ఉండాలి. పుస్తక ప్రతిపాదన తెలుగులోనూ పంపొచ్చు. ఎంపికైతే ఆరు నెలలపాటు నెలకి 50,000 రూపాయలు, పక్కన ఉండి దిద్దే మార్గదర్శకులు. విషయం ప్రతిసారీ మారుతుంది కాబట్టి ముందే రాసిపెట్టుకున్నది అతికించి పంపితే నిలవదు.

పంపేముందు రాతప్రతిలో ప్రతి పేరు, తారీఖు, అంకె కింద ఎర్రగీత గీయండి. పక్కన అది ఎడమ పేజీల్లో ఎక్కడుందో వేయండి. దొరకనివి కొట్టేయండి, వాక్యం ఎంత బాగున్నా సరే.