పక్కన పెట్టిన చాప్టరే ముంచింది: మెడికల్ డివైజెస్ రూల్స్ నేను చదివిన తీరు

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష మొదటిసారి రాసినప్పుడు మెడికల్ డివైజెస్ రూల్స్‌ని చివరి రెండు రోజులకు అట్టిపెట్టాను. ఫార్మకాలజీ, ఫార్మాస్యూటిక్స్, షెడ్యూల్ ఎం (మందుల తయారీ ప్రమాణాలు) అంటే బీఫార్మసీ నాలుగేళ్లూ నలిగినవే. ఈ డివైజుల గోల కొత్తగా వచ్చింది, రెండు మూడు బిట్లకు మించి రావులే అనుకున్నాను. ఆ రెండు రోజులూ ఫారం నంబర్లు బట్టీ కొట్టాను. తీరా హాల్లో కూర్చున్నాక ఎండీ-5 ఏదో, ఎండీ-9 ఏదో కలగాపులగం అయిపోయింది. అందాజుగా గుర్తులు పెట్టి, నెగెటివ్ మార్కులతో ఉన్నవీ పోగొట్టుకున్నాను.

రెండోసారి ఫారాల జోలికి ముందు పోలేదు. అసలు పరికరం ‘డ్రగ్’ ఎలా అవుతుందన్న దగ్గర మొదలుపెట్టాను. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 1940 నాటిది. అందులోని సెక్షన్ 3(బి)(4) ప్రకారం కేంద్రం నోటిఫై చేసిన పరికరం కూడా డ్రగ్ కిందికే వస్తుంది. చాలా ఏళ్లు కొన్ని పరికరాలనే అలా నోటిఫై చేస్తూ వచ్చారు. మిగతావాటిని అడిగే నాథుడు లేడు. మెడికల్ డివైజెస్ రూల్స్ 2017 జనవరి 31న వచ్చి, 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అప్పటికీ అన్ని పరికరాలూ వాటి కిందికి రాలేదు. 2020 ఫిబ్రవరి నోటిఫికేషన్‌తో, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అన్నీ వచ్చాయి. ఈ వరుస తెలిస్తే తేదీలు వాటంతటవే గుర్తుంటాయి.

తర్వాత రెండు పరికరాలు ఎంచుకుని వాటి వెంట పడ్డాను. ఒకటి ఇంట్లో నాన్న వాడే బీపీ మిషన్, రెండోది గుండెలో వేసే స్టెంట్. పరికరాలను ప్రమాదాన్ని బట్టి, తక్కువ నుంచి ఎక్కువకు, ఎ, బి, సి, డి క్లాసులుగా విడగొట్టారు. బీపీ మిషన్ క్లాస్ బి. ఇక్కడే తయారైతే లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. స్టెంట్ క్లాస్ డి, దానికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ దగ్గరికే వెళ్లాలి. ఎ, బి రాష్ట్రానివి, సి, డి కేంద్రానివి. అదే సరుకు బయటి దేశం నుంచి వస్తే ఏ క్లాసైనా సరే, దిగుమతి లైసెన్సు కేంద్రానిదే. బిట్లలో ఎక్కువమందిని పడేసేది ఈ చివరి ముక్కే.

ఇక ఫారాలు. 3, 4 దరఖాస్తులు. 5, 6 లైసెన్సులు. మళ్లీ 7, 8 దరఖాస్తులు, 9, 10 లైసెన్సులు. మొదటి నాలుగూ ఎ, బి క్లాసులవి, తర్వాతి నాలుగూ సి, డిలవి. వీటిలో సరి సంఖ్యలన్నీ లోన్ లైసెన్సువి, అంటే వేరేవాళ్ల ప్లాంటులో తయారు చేయించుకునేవాళ్లవి. దిగుమతికి 14 పెడితే 15 వస్తుంది. ఈ మెలిక పట్టుకున్నాక నాకు ఫారాల టెన్షన్ పోయింది. దీన్ని ఏ కోచింగ్ మెటీరియల్‌లోనూ చూడలేదు, కాగితం మీద వరుసగా రాసుకుంటుంటే కనిపించింది.

అలాంటిదే ఇంకొకటి 18, 30, 42. 2020 ఏప్రిల్ 1 నుంచి 18 నెలలు స్వచ్ఛంద రిజిస్ట్రేషన్. 30 నెలలకు, అంటే 2022 అక్టోబర్ 1కి, ఎ, బి లైసెన్సు తప్పనిసరి. 42 నెలలకు, 2023 అక్టోబర్ 1కి, సి, డిలకూ తప్పనిసరి.

ఇంత మెల్లగా ఎందుకు? డిస్క్రిప్టివ్‌లోనో ఇంటర్వ్యూలోనో అడిగితే ఇక్కడే తేలిపోతాం. వేల రకాల పరికరాలు, కొద్దిమంది ఇన్‌స్పెక్టర్లు. వాళ్లు చదివింది మందుల గురించి, వెంటిలేటర్ సర్క్యూట్ గురించి కాదు. అందుకే బి క్లాసు తయారీ యూనిట్ల ఆడిట్‌ని నోటిఫైడ్ బాడీలకు, అంటే ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన బయటి ఆడిట్ సంస్థలకు, అప్పగించారు. అందుకే అమెరికా, కెనడా, జపాన్ లాంటి దేశాల్లో అమ్ముడవుతున్న పరికరానికి అక్కడి ఫ్రీ సేల్ సర్టిఫికెట్‌ను (ఆ దేశంలో స్వేచ్ఛగా అమ్ముతున్నారనే ధ్రువపత్రం) లెక్కలోకి తీసుకుంటారు. డబ్బూ మనుషులూ తక్కువున్న దేశానికి ఇది తెలివైన పనే. పరికరాల నియంత్రణకు డబ్ల్యూహెచ్ఓ 2017లో ఇచ్చిన నమూనా చట్రం కూడా అంచెలంచెలుగా వెళ్లమనే చెప్పింది.

కానీ నా అభిప్రాయం ఒకటుంది. పక్కవాడి పరీక్షను నమ్మినప్పుడు, మన దగ్గర ఏం జరుగుతోందో చూసుకునే కన్ను మరింత గట్టిగా ఉండాలి. ఏఎస్ఆర్ అనే లోహపు తుంటి కీలు సంగతి చూడండి. దాన్ని 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. ఆస్ట్రేలియాలో కీళ్ల ఆపరేషన్లకు జాతీయ రిజిస్ట్రీ ఉంది కాబట్టి, ఎక్కువమందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తోందని అక్కడ ముందే లెక్క తేలింది. అప్పట్లో మన దగ్గర అలాంటి పూర్తి లెక్క లేదు. పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైందే 2015 జులై 6న, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యంలో. ఆ కీలు వేయించుకున్న ఇక్కడి బాధితులకు 30 లక్షల నుంచి 1.23 కోట్ల వరకు పరిహారం లెక్క కట్టే పద్ధతి ఖరారయ్యేసరికి 2018 వచ్చింది. మెటీరియోవిజిలెన్స్‌ని ఒక్క తేదీగా బట్టీ పట్టకుండా ఈ కథతో కలిపి చదవండి, జవాబు రాసేటప్పుడు చేయి ఆగదు.

రోగుల మీద పరీక్షలు, ఫీజుల షెడ్యూలు నేను పైపైన చూసి వదిలేశాను. టైం ఉంటే మీరు చూడండి.

రాత పరీక్ష అయ్యాక ముగ్గురు స్నేహితులం కలిసి మాక్ ఇంటర్వ్యూలు పెట్టుకున్నాం. నా వంతు వచ్చినప్పుడు ఒకడు గొంతు చూడడానికి నాలుకను నొక్కిపెట్టే చెక్కపుల్ల తీసి బల్ల మీద పెట్టాడు.

“దీనికి లైసెన్సు కావాలా?”

“క్లాస్ ఎ. స్టెరైల్ కాదు, కొలిచేది కాదు. 2022 అక్టోబర్ నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలు” అన్నాను.

“అదే పుల్లని స్టెరైల్ చేసి ప్యాక్ చేస్తే?”

రెండు సెకన్లు ఆలోచించి “అప్పుడు కావాలి, ఎండీ-5” అన్నాను. వాడు తల ఊపి, జేబులోంచి ఇంకో ప్యాకెట్ తీశాడు.