వాలిన అక్షరం, వాల్చిన అక్షరం

మా చెల్లెలి పెళ్లి శుభలేఖ నమూనా చూడడానికి విశాఖ డాబాగార్డెన్స్‌లోని ఒక డీటీపీ దుకాణానికి వెళ్లినప్పుడు, తెరమీది ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ దగ్గరే నా చూపు ఆగిపోయింది. ఇంగ్లీషు వైపు వధూవరుల పేర్లను కుడికి వాలి ఉండే సొగసైన ఇటాలిక్ అక్షరాల్లో కూర్చిన ఆ యువకుడు, రెండు వైపులా ఒకే తీరుగా ఉండాలన్న మంచి ఉద్దేశంతో తెలుగును కూడా ఎంచుకుని, అక్షరాలను ఇటాలిక్ చేసే ఐ మీట నొక్కాడు. తెలుగంతా కుడివైపుకు ఒరిగింది. “బాగానే ఉంది కదండీ?” అని అడిగాడు. ఎందుకు బాగా లేదో ఆ క్షణాన వివరించలేకపోయాను.

ఇటాలిక్ అంటే నిలువు అక్షరాన్ని పక్కకు వాల్చినది కాదు. దాని పుట్టుకే వేరు. పదిహేనో శతాబ్దంలో ఇటలీ పండితులు ప్రాచీన గ్రంథాలకు నకళ్లు రాసుకునేటప్పుడు, చేయి వేగంగా సాగడానికి కలాన్ని వీలైనంత తక్కువగా ఎత్తుతూ ఒక రకమైన గొలుసుకట్టు రాతను అలవరచుకున్నారు. వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ ముద్రణాలయానికి అచ్చక్షరాలు చెక్కిన ఫ్రాంచెస్కో గ్రిఫో ఆ రాతనే లోహంలోకి తెచ్చాడు. 1501లో లాటిన్ కవి వర్జిల్ కావ్యాలు చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా, మొత్తం ఆ అక్షరాల్లోనే వెలువడ్డాయి. ఆ పుస్తకంలో పెద్దక్షరాలు నిటారుగానే ఉన్నాయి, చిన్నక్షరాలు మాత్రమే వాలాయి. వాలు అన్నది చేతివేగంలోంచి వచ్చిన గుణమే తప్ప అలంకారానికి అతికించినది కాదని నేను నమ్మడానికి ఆ ఒక్క సంగతి చాలు. ఇటాలిక్ నిలువు అక్షరాలతో జతకట్టి ఒకే వాక్యంలో వాటి పక్కన నిలవడం తరువాతి వారి ఏర్పాటు.

చేతిరాత నుంచి పుట్టినందువల్ల ఇందులో అక్షరాల ఆకారాలు కూడా మారతాయి. గీతల చివర చిన్న పాదాలుండే నిలువు సెరిఫ్ ఫాంటులో చిన్న ‘ఏ’కు కింద పొట్ట, పైన కొక్కెం ఉంటాయి, ఇటాలిక్‌లో కొక్కెం పోయి పొట్ట మాత్రమే మిగులుతుంది. ‘ఎఫ్’ తోక గీత దాటి కిందికి దిగుతుంది. సెరిఫ్‌లు, అంటే ఆ పాదాలు, నిలువు అక్షరంలో రెండు వైపులా పరుచుకుని కూర్చుంటే, ఇటాలిక్‌లో కలం కాగితాన్ని తాకిన చోట, విడిచిన చోట మిగిలే సన్నని వంపులవుతాయి. లోహపు అచ్చుల కాలంలో ఇటాలిక్ ‘ఎఫ్’ తల దిమ్మ అంచును దాటి బయటికి పొడుచుకు వచ్చేది కాబట్టి సులువుగా విరిగేది. అయినా ఆ వంపును కత్తిరించి సరిపెట్టుకోవడానికి మంచి పనివారు ఇష్టపడలేదు.

శుభలేఖ కోసం నేను ఎంచిన ఈబీ గారమండ్ ఉచితంగా దొరికే ఫాంటు. 1592లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన ఒక అక్షరాల నమూనా పత్రం దానికి మూలం. ఆ పత్రంలోని నిలువు అక్షరాలు క్లోద్ గారమండ్ చెక్కినవి, ఇటాలిక్ రోబేర్ గ్రాన్‌జాన్ చెక్కినది. నేడు ఒకే కుటుంబంగా వాడుకునే ఆ రెండూ ఇద్దరు శిల్పుల చేతుల్లో పుట్టినవే.

మన లిపికి ఇటువంటి జంట అచ్చులో ఏర్పడలేదు. పాత దస్తావేజుల్లో మనకూ గొలుసుకట్టు రాత కనిపిస్తుంది గాని, దాన్ని నిలువు అక్షరాల పక్కన నిలిపే ఫాంటుగా మలచినవారు నాకు కనబడలేదు. గురజాడ, గిడుగు, మండలి వంటి తెలుగు ఫాంట్లకు ఇటాలిక్ రూపం లేదు. అందువల్ల ఐ మీట నొక్కినప్పుడు కంప్యూటర్ చేసేది లెక్క మాత్రమే: అక్షరాలు కూర్చున్న గీతకు పైనున్నదంతా కుడికి, కిందనున్నదంతా ఎడమకు జరుపుతుంది. ‘శ్రీ’లో గుడిదీర్ఘం కుడికి పోతుంది, క్రావడి ఎడమకు పోతుంది. ‘శుభమస్తు’లోని తవొత్తు తన ‘స’ను విడిచి ముందున్న ‘మ’ వైపు నడుస్తుంది. తలకట్టు అసలే కుడికి ఎగబాకే గీత కాబట్టి వాల్చగానే చదునైపోతుంది. గుండ్రని సున్న కోలగా సాగడమే కాక, దాని గీత ఒకచోట సన్నబడి మరొకచోట లావెక్కుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు కింద ఒత్తులు లేవు కాబట్టి ఇంత నష్టం వాటికి జరగదు.

మరి ఇటాలిక్ చేసే పని తెలుగులో ఎవరు చేస్తారు? ఇంగ్లీషు ముద్రణలో పుస్తకాల పేర్లు, పరభాషా పదాలు, మొక్కల శాస్త్రీయ నామాలు, ఓడల పేర్లు ఇటాలిక్‌లో వేస్తారు. మన బీచ్ రోడ్డు మీది జలాంతర్గామి పేరు వేసేటప్పుడు ఐఎన్ఎస్ నిటారుగా ఉంచి, కురుసుర ఒక్కటే వాల్చడం అక్కడి పద్ధతి. తెలుగులో పేర్లకు కొటేషన్ గుర్తులు సరిపోతాయి. ఇక మాటను నొక్కి చెప్పడానికి మనకు ఫాంటుతో అవసరమే లేదు. ‘రాముడు వచ్చాడు’ అన్న వాక్యంలో ‘రాముడే’ అంటే చాలు; ఇంగ్లీషువారు అక్షరాన్ని వాల్చి సాధించేదాన్ని మనం ఒక్క ఏత్వంతో సాధిస్తున్నాం. భాషలోనే ఉన్న ఈ సౌకర్యాన్ని గమనించినప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది.

మర్నాడు మళ్లీ ఆ దుకాణానికి వెళ్లి ఇవన్నీ చెప్పాను. ఆ యువకుడు ‘శ్రీ’ని తెరనిండా పెద్దది చేసి, ఐ మీట నొక్కుతూ, తీస్తూ, క్రావడి ఎటు కదులుతోందో తానే చూసుకున్నాడు. తెలుగు వైపు శీర్షికను శ్రీకృష్ణదేవరాయ ఫాంటులో, మిగిలిన పాఠాన్ని గురజాడలో నిటారుగా కూర్చాము. ఇంగ్లీషు వైపు పేర్లు రెండే ఇటాలిక్‌లో ఉంచి, వాటి మధ్య ‘వెడ్స్’ తీసివేసి, లాటిన్‌లో ‘మరియు’ అని అర్థమిచ్చే ‘ఎట్’ నుంచి పుట్టిన సంయుక్త గుర్తును (&) పెట్టాము. ముహూర్తం, కల్యాణ మండపం చిరునామా, ఫోను నంబర్లు మాత్రం నిలువు అక్షరాల్లోనే వేయించాను. అంకెలు వాలితే పెద్దవాళ్లకు కష్టమవుతుందని మా నాన్నగారు అడిగి మరీ మార్పించారు.