పదో తారీఖు రాత్రి పదకొండున్నరకు

హన్మకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదివే మా బ్యాచ్‌లో చాలామందికి ఇంటర్న్‌షిప్ అంటే బీటెక్ వాళ్ల వ్యవహారం. డిగ్రీ రెండో ఏడు దాకా నేనూ అట్లాగే అనుకున్నాను. కేంద్ర ప్రభుత్వానికి విధానాల మీద సలహాలిచ్చే నీతి ఆయోగ్‌లో మనలాంటి వాళ్లకూ ఇంటర్న్‌షిప్ అవకాశం ఉందని తెలిసింది ఒక మార్చి 3వ తేదీన. దరఖాస్తులు ప్రతి నెలా 1 నుంచి 10 వరకే తీసుకుంటారు. డిగ్రీ వాళ్లకు ఇంటర్‌లో 85 శాతం ఉండాలి, రెండో ఏడు పరీక్షలు రాసి ఉండాలి. నాకు రెండూ ఉన్నాయి. ఇంకా వారం ఉంది కదా అని ధీమాగా ఉన్నాను.

పదో తారీఖు రాత్రి పదకొండున్నరకు ఫారం తెరిచాను. ఏ విభాగంలో పనిచేస్తావని అడిగింది. వ్యవసాయమా, విద్యా, ఆరోగ్యమా? అంతవరకు ఆలోచించనే లేదు. మా మెమోల్లో గ్రేడ్లుంటాయి, దాన్ని శాతంలోకి మార్చే లెక్క తెలియదు. వెతికి, రాసి, చెరిపి చూసేసరికి పన్నెండు దాటింది. ఆ నెల పోయింది.

ఏప్రిల్ 2న మళ్లీ పెట్టాను. ఈసారి వ్యవసాయం అని ముందే తేల్చుకున్నాను. మాది పరకాల దగ్గర ఊరు, నాన్న మిర్చి వేస్తాడు. తెలిసిన దాని గురించి రాస్తే ఫారంలో రాయాల్సిన పేరా పది నిమిషాల్లో అయిపోయింది. సెలెక్ట్ అయినట్టు మెయిల్ వచ్చింది. చేరేటప్పుడు కాలేజీ నుంచి ఎన్‌ఓసీ, అంటే మాకు అభ్యంతరం లేదనే లేఖ, తీసుకురావాలి. మా ప్రిన్సిపాల్ సార్ పేపర్ల వాల్యుయేషన్‌కు పోయారు, క్లర్క్ సార్ రేపు రమ్మనేవారు. తొమ్మిది రోజులు తిరిగాను. కాజీపేటలో రైలెక్కే ముందు రోజు సాయంత్రం సంతకం పడింది. ఆ తొమ్మిది రోజులు పడ్డ టెన్షన్ ముందు ఎంపిక ఒక లెక్క కాదు. కాబట్టి దరఖాస్తు చేసిన వారమే బోనఫైడ్ (ఆ కాలేజీ విద్యార్థివేననే పత్రం) కోసం అర్జీ, ఎన్‌ఓసీ నమూనా కాలేజీ ఆఫీసులో ఇచ్చి పెట్టండి. ఎంపిక కాకపోతే ఆ కాగితం వృథా, అంతే కదా.

ఇంకో మాట. అక్కడ స్టైపెండ్ లేదు, ల్యాప్‌టాప్ మనదే ఉండాలి. కనీసం ఆరు వారాలు ఢిల్లీలో తిండి, రూమ్ మన జేబులోంచే. ఇంట్లో ఈ సంగతి ముందే మాట్లాడుకోండి. నేను ఆలస్యంగా చెప్పి, నాన్నతో అప్పు చేయించాను.

తర్వాత పత్రికల్లో ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించాను. జర్నలిజంలో ఈ ఒకటి నుంచి పదో తారీఖు లెక్క లేదు. అదే తంటా. ఎప్పుడు అడగాలో ఎవరూ చెప్పరు, అందరూ సెలవులొచ్చాక మేలో అడుగుతారు. నేను మొదట పంపిన మెయిళ్లలో 'చిన్నప్పటి నుంచి జర్నలిజం అంటే ఇష్టం' అని రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు, రాకపోవడం న్యాయమే. తర్వాతి ఫిబ్రవరిలో నాన్నతో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వేసుకుని పోయినప్పుడు బుద్ధి వచ్చింది. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు ధర తేల్చే వేలం, జరిగింది. ఏదో ఒక లాట్‌కు పై ధర పలికింది, మర్నాడు పేపర్లో అదే ధర. మా బస్తాల దగ్గరకొచ్చిన వ్యాపారి గుప్పెడు కాయలు తీసి విరిచి, తేమ ఉందన్నాడు, ఆ ధరకు చాలా తక్కువకు అడిగాడు. చుట్టూ ఉన్న వాళ్లలో ఎంతమందికి పై ధర దక్కిందని అడుగుతూ తిరిగాను. హమాలీలు, తూకం వేసే దడ్వాయిలు, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు, అందరితో మాట్లాడాను. తుమ్ములతో సగం మాటలు వినబడలేదు. మూడొందల పదాలు రాసి, ఈసారి ఉత్తరం రెండు లైన్లకు కుదించి, అదే జత చేసి పంపాను. వారంలో ఒక పత్రిక నుంచి ఫోన్ వచ్చింది. చిన్న పరీక్ష పెట్టారు: ఇంగ్లిష్ ఏజెన్సీ వార్తను తెలుగులో రాయడం, శీర్షిక పెట్టడం. ఎడిటోరియల్స్ చదివే అలవాటు గ్రూప్స్ కోసం చేసుకున్నదే, అనువాదానికి పనికొచ్చింది.

ఇప్పుడు మా రూమ్మేట్ కథ నడుస్తోంది. వాడిది భూపాలపల్లి. విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్ ఏడాదికి రెండు విడతలు, జనవరి నుంచి జూన్ దాకా ఒకటి, జులై నుంచి డిసెంబర్ దాకా ఇంకొకటి. నెలకు 10,000 ఇస్తారు. వెనుకబడిన జిల్లాలుగా కేంద్రం గుర్తించిన ఆకాంక్షిత జిల్లాల వాళ్లకు ప్రాధాన్యం ఉంది. మన రాష్ట్రంలో ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం ఆ జాబితాలో ఉన్నాయి. వాడికి తన జిల్లా అందులో ఉందనే తెలియదు. నిన్న రాత్రి కూర్చుని కాగితాలన్నీ పరుపు మీద పరిచాం. టెన్త్ మెమోలో పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఒకటి. ఈ విడత ఇంకా తెరవలేదు కాబట్టి బతికిపోయాం. రేపు పొద్దున టిఫిన్ కూడా చేయకుండా ఆధార్ సెంటర్‌లో లైన్ కట్టాలి.