రేడియేటర్ ఫ్యాను ఆగిపోతే తప్పు మాడ్యూల్‌దేనా? నా అనుభవం

కారు వేగంగా పోతున్నంతసేపూ ఇంజిను వేడి అదుపులోనే ఉండేది. ట్రాఫిక్‌లో ఆగిన కాసేపటికి మీటరు ముల్లు పైకి జరిగేది, ఏసీ గాలిలో చల్లదనం తగ్గేది. మళ్లీ కారు కదిలితే రెండూ సర్దుకునేవి. ఈ ఒక్క లక్షణమే వెతకాల్సిన చోటును సగానికి తగ్గించేస్తుంది. వేగంలో ఉన్నప్పుడు రేడియేటర్‌ను ఎదురుగాలే చల్లబరుస్తుంది. నిలబడి ఉన్నప్పుడు ఆ పని ఫ్యాను చేయాలి. వేగంలో కూడా వేడెక్కి ఉంటే థర్మోస్టాట్, వాటర్ పంపు, పూడుకుపోయిన రేడియేటర్ వంటివి ముందు చూసేవాణ్ణి. నా కారులో అనుమానం సూటిగా ఫ్యాను మీదికే వెళ్లింది.

చూపించిన చోటల్లా ఒకటే మాట: ‘ఫ్యాన్ కంట్రోల్ మాడ్యూల్ పోయింది, మార్చేయండి.’ అంటే ఫ్యాను వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె. అది నిజమే కావచ్చు. కానీ ఎవరూ మీటరు పెట్టి చూడలేదు. కొలవకుండా మార్చిన భాగం ఒకవేళ అసలు తప్పు కాకపోతే, కొత్తది కూడా అదే కారణంతో కాలిపోవచ్చు. అందుకే మాడ్యూల్ పోయిందని రుజువయ్యేదాకా దాన్ని మార్చకూడదని నిర్ణయించుకున్నాను.

ముందుగా నా కారులోని ఏర్పాటు చెబుతాను. ఒకే పెద్ద ఫ్యాను, దాని చట్రం మీద ఒక మాడ్యూల్. బ్యాటరీ నుంచి 40 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా ఒక లావు వైరు, బాడీకి బిగించిన ఎర్త్ వైరు ఒకటి, ఈసీయూ (ఇంజిను కంప్యూటరు) నుంచి వచ్చే సన్నని సిగ్నల్ వైరు ఒకటి ఆ మాడ్యూల్‌కి చేరతాయి. కూలెంట్ వేడిని, ఏసీ గ్యాసు ఒత్తిడిని చూసుకుని ఫ్యాను ఎంత వేగంతో తిరగాలో ఈసీయూ లెక్క వేస్తుంది. ఆ లెక్కను పీడబ్ల్యూఎం సిగ్నల్ రూపంలో, అంటే వేగంగా ఆగి వెలిగే పల్సులుగా పంపుతుంది. పల్సు ఎంత శాతం సేపు ఉందన్నదే ఆజ్ఞ. మాడ్యూల్‌లోని మాస్‌ఫెట్‌లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు ఆ ఆజ్ఞ ప్రకారం మోటారుకు కరెంటు ఇస్తాయి. పాత కార్లలో ఇంత తతంగం లేదు. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), ఫ్యూజు, తక్కువ వేగానికి ఒక రెసిస్టరు, అంతే. అలాంటి కారులో తక్కువ వేగం పోయి ఎక్కువ వేగం మాత్రమే పనిచేస్తుంటే మొదట ఆ రెసిస్టరునే చూడాలి. తాళం తీసినా ఫ్యాను గంటల తరబడి తిరుగుతూనే ఉంటే రిలే కాంటాక్టులు అతుక్కుపోయి ఉండవచ్చు.

బానెట్ ఎత్తే ముందు ఒక జాగ్రత్త. ఇంజిను ఆపి ఉన్నా ఈ ఫ్యాను హఠాత్తుగా తిరగవచ్చు. రెక్కల దగ్గర చెయ్యి పెట్టాల్సిన ప్రతిసారీ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేశాను. వేడిగా ఉన్న రేడియేటర్ మూత జోలికి అసలు పోకూడదు. లోపల ఒత్తిడి ఉన్నందువల్లే కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పిన మరుక్షణం ఆ ఒత్తిడి పోయి, మరుగుతూ మొహం మీదికి చిమ్ముతుంది.

మొదటి పని వేడిని అంకెల్లో చూడటం. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు ముల్లు నిజం మొత్తం చెప్పదు. మామూలు పరిధిలో కూలెంట్ ఎంత పెరిగినా, తగ్గినా మధ్యలోనే నిలబడేలా దాన్ని తయారు చేస్తారు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. ఈసీయూలోని అంకెలను చూపించే ఓబీడీ రీడరు తగిలించి చూస్తే, నడుస్తున్నప్పుడు 90 డిగ్రీల దగ్గర ఉన్న వేడి, నిలబెట్టాక 107 దాటింది. ఫ్యాను కదల్లేదు. ఇంజిను ఆపేశాను.

తర్వాత సెన్సారు. దీన్ని పరీక్షించడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. రాత్రంతా ఆపి ఉంచిన కారులో, తెల్లవారి ఇంజిను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, కూలెంట్ వేడి, ఇంజినులోకి వెళ్లే గాలి వేడి రెండూ రీడరులో చూడాలి. రెండూ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి దగ్గరగా ఉంటే సెన్సారును నమ్మవచ్చు. నా కారులో రెండింటికీ ఒక డిగ్రీ తేడా ఉంది.

పైగా ఇంకో ఆధారం కనిపించింది. ఏసీ వేసినా ఫ్యాను తిరగలేదు. ఏసీ కోసం ఫ్యాను తిరగాలన్న ఆజ్ఞ వేరే సెన్సారు నుంచి పుడుతుంది. రెండు వేర్వేరు కారణాలతో రావలసిన ఫ్యాను రెండింటికీ రాలేదంటే, తప్పు ఆ రెండు దారులూ కలిసిన తర్వాతే ఎక్కడో ఉండాలి.

ఈసీయూ నిజంగా ఫ్యానును అడుగుతోందా? దానికి కారు వైరింగ్ డయాగ్రమ్ ముందు పెట్టుకున్నాను. అది లేకుండా కనెక్టరులోకి మీటరు పిన్ను పెట్టడం నాకు ఇష్టం లేదు. ఏ వైరు ఏమిటో తెలియకుండా షార్ట్ చేస్తే ఈసీయూకే ప్రమాదం. మల్టీమీటరును డ్యూటీ సైకిల్ (పల్సు ఉండే శాతం) కొలిచే స్థానంలో పెట్టి సిగ్నల్ వైరు వెనుక నుంచి చూశాను. ఏసీ లేనప్పుడు 10 శాతం, వేయగానే 40 దాటింది. ఇంజిను నడుస్తుండగా కూలెంట్ సెన్సారు కనెక్టరు లాగేశాను. వేడి ఎంతో తెలియకపోతే ప్రమాదం తెచ్చుకోకుండా ఫ్యానును పూర్తి వేగంతో తిప్పమనడం చాలా ఈసీయూల పద్ధతి. సిగ్నల్ 90 శాతానికి ఎగిరింది. ఫ్యాను మాత్రం చలించలేదు. అంటే ఈసీయూ అడుగుతోంది, కింద వినేవాళ్లు లేరు. ఈ పరీక్షకు పీ0118 అనే ఫాల్ట్ కోడ్ నమోదవుతుంది. తర్వాత దాన్ని చెరిపేయాలి.

ఇక్కడే చాలామంది ‘సిగ్నల్ వస్తోంది, ఫ్యాను రావడం లేదు, కాబట్టి మాడ్యూల్’ అని తేల్చేస్తారు. మాడ్యూల్‌కి సిగ్నల్ ఒక్కటే చాలదు. కరెంటు రావాలి, తిరిగి పోవడానికి ఎర్త్ ఉండాలి.

ఫ్యూజుకు రెండు వైపులా 12.6 వోల్టులు. మాడ్యూల్ కనెక్టరు ఊడదీసి లావు వైర్ల మధ్య కొలిస్తే అక్కడా 12.6. ఎర్త్ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కంటిన్యుటీ, అంటే దారి తెగలేదని చూసే పరీక్ష, పెడితే మీటరు బీప్ అంది. ఇవన్నీ చూసి వైరింగ్ బాగుందని వదిలేయడం సులువు. అయితే కరెంటు పారనప్పుడు కొలిచిన వోల్టేజీ, కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపులో చూసిన నీటి ఒత్తిడి లాంటిది. పైపు సగం పూడిపోయినా ఒత్తిడి పూర్తిగానే కనిపిస్తుంది. ఇక బీప్ సంగతి: చాలా మీటర్లు కొన్ని పదుల ఓముల నిరోధం ఉన్నా బీప్ అంటాయి. ఇరవై ఆంపియర్లు పారే దారిలో అర ఓము ఉన్నా సర్వనాశనమే.

అందుకే మాడ్యూల్ స్థానంలో 55 వాట్ల హెడ్‌లైట్ బల్బును ఆ రెండు లావు వైర్ల మధ్య కలిపాను. అది నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. బల్బు వెలిగింది కానీ పసుపుగా, నీరసంగా వెలిగింది. వెలుగుతుండగానే మీటరు నలుపు పిన్నును బ్యాటరీ నెగటివ్ మీద, ఎరుపు పిన్నును బల్బు ఎర్త్ వైపు పెట్టాను. సున్నాకు దగ్గరగా ఉండాల్సిన చోట 1.9 వోల్టులు! పాజిటివ్ వైపు అదే విధంగా కొలిస్తే 0.06 మాత్రమే. ఓమ్ సూత్రం ప్రకారం ఎర్త్ దారిలో సుమారు 0.45 ఓముల నిరోధం ఉంది. బల్బుకే రెండు వోల్టులు మింగే దారి, మోటారు 20 ఆంపియర్లు లాగాలని చూస్తే తొమ్మిది వోల్టులు మింగేస్తుంది. అంత తక్కువ వోల్టేజీలో ఏ మాడ్యూల్ అయినా పని మానేస్తుంది.

ఎర్త్ వైరు వెంట వెళితే హెడ్‌లైట్ వెనుక ఒక బోల్టు. పైకి శుభ్రంగానే ఉంది. విప్పి చూస్తే లగ్గు (వైరు చివరి లోహపు బిళ్ల) కింద తెల్లని పొడి, గోధుమ రంగు తుప్పు. వైరు లగ్గులోకి దూరే చోట రాగి పోగులు ఆకుపచ్చగా మారిపోయాయి. పాడైన భాగం కత్తిరించి కొత్త లగ్గు నొక్కించి, బాడీ మీద లోహం మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన తుప్పు పట్టకుండా గ్రీజు రాశాను. గ్రీజు కాంటాక్టు మధ్యలో కాదు, బిగించిన తర్వాత పైన. మళ్లీ బల్బు పెట్టి కొలిస్తే 0.04 వోల్టులు, వెలుగు తెల్లగా వచ్చింది. కనెక్టరు మాడ్యూల్‌కి తగిలించి ఏసీ వేస్తే ఫ్యాను తిరిగింది.

కథ అక్కడితో అయిపోలేదు. ఎండలో ఏసీ వేసి ఎక్కువసేపు నిలబెడితే ఫ్యాను మళ్లీ ఆగిపోయేది. కొద్ది నిమిషాలు చల్లారాక తనంతట తనే తిరిగేది. ఆగినప్పుడు సిగ్నల్ కొలిచాను, సరిగ్గానే ఉంది. ఎర్త్ దగ్గర వోల్టేజీ పోవడం లేదు. మాడ్యూల్ అల్యూమినియం వీపు మాత్రం చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతోంది. మరీ వేడెక్కినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి మాడ్యూల్ ఆగిపోతోందని అర్థమైంది. ఇక తేల్చాల్సింది ఒకటే: మాడ్యూల్ బలహీనపడి వేడెక్కుతోందా, మోటారు దానితో మోయించాల్సిన దానికన్నా ఎక్కువ మోయిస్తోందా?

దీనికి బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటును కొలిచే క్లాంప్ మీటరు కావాలి. ఇళ్లలో వచ్చే ఆల్టర్నేటింగ్ కరెంటును మాత్రమే కొలిచేది ఇక్కడ పనికిరాదు. సున్నా చేసుకుని, మోటారు వైరు చుట్టూ పెట్టి, ఫ్యాను పూర్తి వేగంలో ఉన్నప్పుడు చూడాలి. సగం వేగంలో కొలిస్తే లెక్క తికమక అవుతుంది, ఎందుకంటే పీడబ్ల్యూఎంలో బ్యాటరీ వైపు కరెంటు, మోటారు వైపు కరెంటు ఒకటిగా ఉండవు. నా మోటారు మీద 300 వాట్లని ఉంది. 13 వోల్టుల దగ్గర అది సుమారు 23 ఆంపియర్లు. క్లాంప్ మీటరు 30 చూపించి, మోటారు వేడెక్కేకొద్దీ 35కు చేరింది. 40 ఆంపియర్ల ఫ్యూజు దీన్ని పట్టించుకోదు. మాడ్యూల్ మాస్‌ఫెట్‌లలో పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గంతో పెరుగుతుంది. 23 బదులు 35 పారితే వేడి రెండింతలకు పైనే.

నిర్ధారణ కోసం రెండు పరీక్షలు చేశాను. మొదటిది, మాడ్యూల్‌ను పూర్తిగా తప్పించి, ఫ్యూజు ఉన్న లావు వైరుతో మోటారును నేరుగా బ్యాటరీకి కలపడం. అప్పుడూ అదే 35. రెండోది, మోటారును తప్పించి, మాడ్యూల్‌కి రెండు హెడ్‌లైట్ బల్బులు కలపడం. సిగ్నల్ పెరిగితే బల్బులు ప్రకాశించాయి, తగ్గితే మందగించాయి. చాలాసేపు ఉంచినా మాడ్యూల్ గోరువెచ్చగానే ఉంది, ఒక్కసారీ ఆగలేదు. రెండు బల్బులు లాగే కరెంటు ఫ్యాను లాగేంత కాదు. అయినా ఆజ్ఞ అందుకుని సక్రమంగా పాటిస్తోందని దీనితో తెలిసింది, నేరుగా కలిపినా మోటారు ఎక్కువే లాగుతోందని ముందే తేలింది. ఈ రెండూ కలిస్తే నాకు సందేహం మిగల్లేదు. బ్యాటరీ తీసేసి రెక్కను చేత్తో తిప్పి చూస్తే గరగరలాడుతూ వెంటనే ఆగిపోయింది. ఇరుసు అటూ ఇటూ కదులుతోంది. బేరింగ్ అరిగిపోయింది.

అందరూ మార్చమన్న మాడ్యూల్ ఇంతకాలం చేసింది తనను తాను కాపాడుకోవడమే. కొలవకుండా కొత్త మాడ్యూల్ పెట్టి ఉంటే, తుప్పు పట్టిన ఎర్త్, బిగుసుకుపోతున్న మోటారు రెండూ దానికోసం ఎదురుచూస్తూ ఉండేవి. ఫ్యాను పనిచేయడం లేదని విడిభాగం కొనబోయే ప్రతి ఒక్కరికీ ఈ రెండు కొలతలూ, అంటే కరెంటు పారుతున్నప్పుడు ఎర్త్ దగ్గర పోయే వోల్టేజీ, పూర్తి వేగంలో మోటారు లాగే కరెంటూ, తప్పకుండా చేయించమని గట్టిగా చెబుతాను.

మోటారు మార్చడంలో చెప్పుకోదగ్గ కష్టం లేదు. చట్రం పైకి లాగడానికి పై హోసు విప్పాను కాబట్టి, కూలెంట్ నింపి లోపలి గాలి పూర్తిగా పోయేదాకా చూశాను. గాలి బుడగ సెన్సారు దగ్గర నిలిస్తే వేడి తప్పుగా కనిపిస్తుంది. మోటారు మార్చినవాళ్లు మరిచిపోకూడనిది తిరిగే దిశ. వైర్లు తారుమారైతే ఫ్యాను గాలిని ముందుకు నెడుతుంది, ఎదురుగాలితో పోట్లాడుతుంది. కారు ముందు జాలీ దగ్గర ఒక కాగితం పట్టుకుంటే అది లోపలికి లాగి అతుక్కోవాలి. అతుక్కుంది.

ఇప్పుడు పూర్తి వేగంలో 22 ఆంపియర్లు, ఎర్త్ దగ్గర 0.15 వోల్టులు. నిలబెట్టి ఉంచితే 97 డిగ్రీల దగ్గర ఫ్యాను అందుకుంటుంది, 92కి దించి నెమ్మదిస్తుంది. మాడ్యూల్ పాతదే. ఈ అంకెలన్నీ కారు సర్వీసు పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టాను. మోటారు కరెంటు 26 దాటిన రోజున, ఫ్యాను ఆగేదాకా చూడకుండా బేరింగ్ సంగతి మళ్లీ చూస్తాను.