పెరట్లో షెడ్డే మా అబ్జర్వేటరీ

ఆస్టిన్‌లో మా పెరట్లో లాన్‌మోవర్ పెట్టుకునే చెక్క షెడ్డుని మొత్తానికి అబ్జర్వేటరీ చేసేశాం. డోమ్ ఎందుకు పెట్టలేదని అందరూ అడుగుతున్నారు, కానీ రూఫ్ మొత్తాన్ని పట్టాల మీద పక్కకి జరిపేస్తే ఆకాశమంతా ఒకేసారి దొరుకుతుంది, లోపలి వేడి కూడా తొందరగా పోతుంది, ఆ వేడి గాలి ఉంటే గ్రహాలు అలలు అలలుగా కదులుతూ కనపడతాయి మరి. అసలు పనంతా టెలిస్కోప్ నిలబెట్టే కాంక్రీట్ దిమ్మె దగ్గరే, దాన్ని నేలలోకి లోతుగా దించి చెక్క ఫ్లోర్‌కి ఎక్కడా తగలకుండా చుట్టూ గ్యాప్ వదిలాం, లేదంటే మనం ఒక్క అడుగు వేసినా ఐపీస్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కటకంలో, శని గ్రహం ఊగిపోద్ది. టెలిస్కోప్‌ని మోస్తూ తిప్పే స్టాండు, అదే మౌంట్, దాని ఇరుసుని ధ్రువ నక్షత్రం వైపు తిప్పాలి, ఇక్కడ ఆ నక్షత్రం దాదాపు 30 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, హైదరాబాద్‌లో 17 డిగ్రీలే.

హైదరాబాద్ అంటే గుర్తొచ్చింది, నిజామియా అబ్జర్వేటరీ కూడా 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో తన ఎస్టేట్‌లో సొంతంగా మొదలుపెట్టిందే, తలుచుకుంటే భలే గర్వంగా ఉంటుంది నాకు.

నిన్న రాత్రి అమ్మకి ఎం13 చూపించా, సుమారు 25 వేల కాంతి సంవత్సరాల దూరంలో లక్షల నక్షత్రాల గుంపు, "అన్నీ సూర్యుళ్ళేనా రా!" అని చాలాసేపు కన్ను తియ్యలేదు. చలికాలంలో ఓరియన్ నెబ్యులాకి, అదే ఆకాశంలో మెరిసే వాయు మేఘానికి, కెమెరా పెడతా, ఇటువైపు వచ్చేవాళ్ళుంటే చెప్పండి, చీకటి పడ్డాక రండి.