గుండె గోడలో పురి

నిన్న ఎంఆర్‌ఐ స్కాన్ అయ్యేసరికి తెల్లవారుజాము మూడు దాటింది. లోపల ఉన్నది ఫార్మాలిన్‌లో నిలవ ఉంచిన పంది గుండె. గాలి బుడగ ఒక్కటి మిగిలినా బొమ్మ అక్కడ వంకర పోతుంది. అందుకే జెల్‌లో పెట్టి గంటసేపు మెల్లగా తడుతూ కూర్చున్నాను.

డిఫ్యూజన్ ఎంఆర్‌ఐ చూసేది నీటి కదలికని. కండ కణం పొడుగునా నీరు సులువుగా పాకుతుంది, అడ్డంగా అంత తేలిగ్గా పోలేదు. ఆ తేడాని బట్టి కండ పోగు ఎటు తిరిగిందో తెలుస్తుంది. ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని పంపే గుండె కింది గది) గోడలో లోపలి పోగులు అడ్డానికి దాదాపు +60 డిగ్రీల వాలులో ఉంటాయి, మధ్యలో అడ్డంగా చుట్టుకుంటాయి, బయటికొచ్చేసరికి −60, అంటే ఎదురు వాలు. ఇదంతా సెంటీమీటరు అటూ ఇటూ మందంలోనే! తెరమీద ఆ రంగులు ఒకదాంట్లోకి ఒకటి జారుతుంటే, నాన్న కొబ్బరి పీచుతో తాడు పేనడం గుర్తొచ్చింది. తడిబట్ట పిండినట్టు గుండె మెలితిరిగి రక్తాన్ని నెట్టేది ఈ పురి ఉండబట్టే.

కొట్టుకునే గుండెలోనే అసలు కష్టం. నీటి అణువు కదిలేది మైక్రాన్లలో, గోడ కదిలేది మిల్లీమీటర్లలో. దీనికి 1990లలో దొరికిన ఒక దారి నాకు చాలా ఇష్టం: ఒక స్పందనలో నీటి అణువులకి గుర్తు పెట్టి, తర్వాతి స్పందనలో గోడ అదే చోటికి వచ్చినప్పుడు చదవడం.

వచ్చే నెల మేమూ అదే చేస్తున్నాం. మొదటి వాలంటీర్‌ని నేనే. ఊపిరి బిగపట్టడం ఇప్పట్నుంచే ప్రాక్టీస్ చేస్తున్నాను.